మలేరియా లేదని పంపేస్తే జ్వరం పోతుందా, మంత్రి గారూ?

మహారాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి రాస్తున్నాను. ఇదే సంగతి మరాఠీలో నాలుగుసార్లు రాసి అధికారులకు ఇచ్చాం. మూడింటికి ముద్ర వేసిన రసీదులున్నాయి, జవాబు ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈసారి ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే అందరి ముందూ రాస్తున్నాను. ఎవరైనా మీకు చదివి వినిపిస్తారని ఆశ.

పొదల్లో ఉండే చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం స్క్రబ్ టైఫస్. అదేమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. 2018లో నాగపూర్ చుట్టుపక్కల అది ప్రాణాలు తీసింది. అంతకు రెండేళ్ల ముందు సింధుదుర్గ్‌లో రక్తం తాగే గోమార్లతో వచ్చే కోతుల జ్వరం బయటపడింది. అడవి పురుగుల జ్వరాలు ఈ రాష్ట్రానికి కొత్త కాదు. మరి మా దాకా వచ్చేసరికి ఎవరికీ ఎందుకు గుర్తుండదు?

మా వదిన సంగతి చెప్తాను. పోయినేడు భాద్రపదంలో బర్రెల కోసం రోజూ వాగు గట్టున గడ్డి కోసేది. ఒకరోజు చలిజ్వరం, తల పగిలిపోయే నొప్పి. రాష్ట్రంలో మలేరియా ఎక్కువగా ఉండే జిల్లా మాది, కాబట్టి ఆశా కార్యకర్త వేలు గుచ్చి చూసింది. లేదంది. దవాఖానలో మళ్లీ చూసి లేదన్నారు, జ్వరం గోలీలిచ్చి పంపారు. నాలుగో రోజు పోతే మళ్లీ వేలు గుచ్చారు, మళ్లీ అవే గోలీలు. ఆరో రోజు టైఫాయిడ్ కావచ్చని సూదులు మొదలుపెట్టారు. ఆ సూదులు ఈ జ్వరానికి పనిచేయవని మాకు తర్వాత తెలిసింది. తొమ్మిదో రోజు రాత్రి వదినకు ఊపిరి ఆడలేదు. ఆలపల్లి మీదుగా గడ్చిరోలి పోవాలంటే ఆ రోడ్డు మీద బతకాలి కదా! అన్న జీపు మాట్లాడి, వంతెన దాటించి మంచిర్యాల తీసుకుపోయాడు.

అక్కడ ఒక లేడీ డాక్టరు ముందు ఒళ్లంతా వెతికింది. చంకలు, రొమ్ముల కింద, నడుము. లంగా బొందు కట్టుకునే చోట బీడీతో చురక పెట్టినట్టు నల్లటి పెచ్చు కనిపించింది. నొప్పి లేదు, దురద లేదు, అందుకే వదిన పట్టించుకోలేదు. పట్టించుకున్నా ఆ చోటు ఎవరికి చూపిస్తుంది? మా దవాఖానలో ఒక్కరూ అడగలేదు. రక్తం పరీక్షకు పంపి, రిపోర్టు కోసం ఆగకుండా ఆ డాక్టరు డాక్సీసైక్లిన్ అనే మందు మొదలుపెట్టింది. మూడో రోజుకు జ్వరం దిగింది. కానీ అప్పటికే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఎనిమిది రోజులు ఐసీయూలో ఉంది. రెండు బర్రెలు అమ్మాం, మిర్చి పంట మీద అప్పు తెచ్చాం.

మొదటి వారంలోనే పట్టుకుని ఉంటే రోజుకు రెండు చొప్పున ఏడు రోజులు, పద్నాలుగు గోలీలతో పోయే జబ్బు ఈ స్క్రబ్ టైఫస్. ఒక్కో గోలీ కొద్ది రూపాయలే. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు నిద్ర పట్టదు.

వదిన నడుము మీది ఆ నల్లటి మచ్చ పురుగు కుట్టిన చోటు. కుట్టేది గోమారికి చుట్టమైన పురుగే, నల్లికన్నా చిన్నది, కంటికి ఆనదు. ఎలుకలు తిరిగే పొదల్లో, గడ్డిలో ఉంటుంది. కుట్టిన వారం పది రోజులకు జ్వరం వస్తుంది, అప్పటికి గడ్డి కోసిన సంగతి కూడా మనిషి మరిచిపోతాడు. కుక్క గోమార్లతో వచ్చే టిక్ టైఫస్‌కూ మందు ఇదే. ఇన్ని జ్వరాలకు పనికొచ్చే గోలీ మా ఆరోగ్య ఉపకేంద్రంలో ఎందుకు లేదు?

అమెరికాలో లైమ్ అనే చిన్న ఊరుంది. 1970లలో అక్కడి పిల్లలకు కీళ్లు వాచిపోతుంటే పాలీ మర్రే అనే తల్లి 1975లో ఆరోగ్యశాఖకు మొరపెట్టుకుంది. వాళ్లు విన్నారు, డాక్టర్లు వచ్చి ఇల్లిల్లూ అడిగారు. తర్వాత విల్లీ బర్గ్‌డార్ఫర్ ఆ జబ్బు క్రిమిని గోమార్లలోనే కనిపెట్టాడు. జబ్బుకు ఆ ఊరి పేరే పెట్టారు. మాకు పేరు వద్దు సార్. మా జబ్బుకు పేరూ ఉంది, మందూ ఉంది. వినే మనిషి కావాలి.

గ్రామసభలో తీర్మానం చేశాక ఒక అధికారి వచ్చారు. వానాకాలం లోపు పరీక్ష కిట్లు, గోలీలు వస్తాయని, ఆశా కార్యకర్తలకు ఆ మచ్చ గుర్తుపట్టడం నేర్పిస్తామని అందరి ముందూ చెప్పారు. మేం చప్పట్లు కొట్టాం. వానాకాలం వచ్చింది, పోయింది. పత్తి తీతలు మొదలయ్యాయి. కిట్లు రాలేదు, గోలీలు రాలేదు, నేర్పేవాళ్లూ రాలేదు. దవాఖానలో అడిగితే పైనుంచి రావాలంటారు. ఆ పైన మీరే కదా అని ఈ లేఖ.

ఈ వానాకాలం మా వాడలో ఇంకో ఇద్దరికి అదే జ్వరం వచ్చింది. వాళ్ల ఒంటి మీద మచ్చ వెతికింది మా వదినే. ఆడవాళ్లకు జ్వరమని తెలిస్తే చాలు, టార్చిలైటు పట్టుకుని పోయి, తలుపు వేసి చూస్తుంది. కొందరికి మచ్చ కనబడకపోవచ్చని, అయినా జబ్బు ఉండొచ్చని ఆ డాక్టరు చెప్పిందట, అందుకే కనబడకపోతే ఇంకా భయపడుతుంది. ఇద్దరినీ మంచిర్యాలకే పంపాం. ఒకరికి బస్సు చార్జీలు కూడా వదినే ఇచ్చింది.

దయచేసి డాక్సీసైక్లిన్ మా ఉపకేంద్రాలకు పంపండి. మలేరియా లేదని తేలిన ప్రతి జ్వరానికీ ఒళ్లు చూడమని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. మాకు ఒక్క జవాబు ఇవ్వండి, మరాఠీలో అయినా సరే, చదివించుకుంటాం.

ఇట్లు,
సిరోంచ తాలూకా రైతు