చిన్న కారుకు ఏ ఇంధనం? నెల కిలోమీటర్ల లెక్క చాలదు

సంపాదకులకు,

పెట్రోలా, డీజిలా, ఎలక్ట్రికా అన్న చర్చ ఎక్కడ జరిగినా చివరికి ఒకే మాట దగ్గర తేలుతోంది: నెలకు 1,500 కిలోమీటర్లు దాటితే డీజిల్, లోపైతే పెట్రోలు, డబ్బుంటే ఎలక్ట్రిక్. బీఎస్‌4 అనే పాత పొగ నిబంధనల బళ్ల కాలంలో ఈ లెక్క పనికొచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి ఇంకా కఠినమైన బీఎస్‌6 వచ్చాక దీన్ని నమ్ముకుని డీజిల్ కొన్నవాళ్లు చాలామంది మెకానిక్ షెడ్ల చుట్టూ తిరుగుతున్నారు. నెలకు ఎన్ని కిలోమీటర్లు అన్నదానికన్నా, తాళం తిప్పిన ప్రతిసారీ బండి ఎంతసేపు, ఎంత వేగంతో నడుస్తుందన్నదే ముఖ్యం.

టాటా నెక్సాన్‌నే తీసుకుందాం. ఒకే బాడీలో 1.2 లీటర్ల టర్బో పెట్రోలు, 1.5 లీటర్ల డీజిల్, బ్యాటరీ బండి మూడూ ఉన్నాయి కాబట్టి పోల్చడం తేలిక. లీటరు పెట్రోలు 107, డీజిల్ 96 అనుకుందాం. సిటీ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నడిపితే పెట్రోలు బండి లీటరుకు 12, డీజిల్ 14 కిలోమీటర్లు ఇస్తాయి. అంటే కిలోమీటరుకు 8.90, 6.85 రూపాయలు. హైవే మీద 16, 19 అనుకుంటే 6.70, 5.05. తేడా సిటీలో రెండు రూపాయలు, హైవేలో రూపాయిన్నర పైచిలుకు. కాగితం మీద చూస్తే డీజిల్ సిటీలోనే ఎక్కువ మిగిల్చేలా కనిపిస్తుంది. జనం బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే.

బీఎస్‌6 డీజిల్ ఏ కంపెనీదైనా సైలెన్సర్ లైనులో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. ఇంజన్ వదిలే మసిని అది పట్టి ఉంచుతుంది. నిండుతున్నకొద్దీ ఆ మసిని సుమారు 600 డిగ్రీల వేడి దగ్గర కాల్చేయాలి. అంత వేడి పుట్టాలంటే 60కి తగ్గని వేగంతో ఆగకుండా పదిహేను, ఇరవై నిమిషాలు నడవాలి. పిల్లల్ని బడి దగ్గర దింపి, కూరగాయలు తెచ్చుకుని, సాయంత్రం గుడికి వెళ్లొచ్చే మూడేసి కిలోమీటర్ల తిరుగుడులో ఆ అవకాశం ఎప్పుడూ రాదు. మసి కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది, ఇంతలో ఇల్లు వచ్చిందని తాళం తీసేస్తారు. మండని ఆ డీజిల్ పిస్టన్ రింగుల పక్క నుంచి జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడండి. ఆయిల్ తగ్గాల్సింది పోయి పై గీత దాటి ఉంటే, వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలా పలచగా ఉండి డీజిల్ వాసన కొడితే సంగతి అదే. 'ఆయిల్ తాగడం లేదు, బండి మంచిది' అని మురిసిపోయేవాళ్లున్నారు. అలా పలచబడిన ఆయిల్‌తో ముందుగా అరిగేవి టర్బో బేరింగులు.

జల్లెడ శుభ్రమవుతోందని గుర్తుపట్టడం కష్టమేం కాదు. బండి నిలబడి ఉన్నా ఐడిల్ (ఊరికే తిరిగేటప్పటి ఇంజన్ వేగం) కాస్త పెరుగుతుంది, ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, వేడి వాసన వస్తుంది. అప్పుడు ఇంజన్ ఆపకుండా ఊరి బయటికి తీసుకెళ్లి ఒక గేరు తగ్గించి 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మీద ఇరవై నిమిషాలు నడిపితే చాలు. డీపీఎఫ్ లైటు వెలిగాక కూడా పట్టించుకోకపోతే బండి పికప్ చచ్చిపోతుంది. ఆపైన వర్క్‌షాపులో స్కానర్ (బండి కంప్యూటర్‌కు తగిలించే పరికరం) పెట్టి బలవంతంగా కాల్చాలి. అదీ పని చేయకపోతే జల్లెడే మార్చాలి. ఒక్కసారి మారిస్తే డీజిల్ మీద ఏళ్లపాటు మిగిలింది అందులోనే పోతుంది. ఆయిల్ కూడా తక్కువ బూడిద మిగిల్చే, మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించాలి. మసి కాలుతుంది, ఆయిల్ బూడిద కాలదు, జల్లెడలోనే ఉండిపోతుంది.

గుంటూరు నుంచి ఖమ్మానికి, ఒంగోలు నుంచి హైదరాబాద్‌కు వారంలో రెండు మూడుసార్లు తిరిగే వ్యాపారికి మాత్రం డీజిల్‌కు మించింది లేదు. నెలకు 1,500 హైవే కిలోమీటర్లకు సుమారు 2,450 మిగులుతుంది. ధరలో తేడా లక్షా పాతిక వేలు అనుకుంటే నాలుగేళ్లు దాటాక గానీ ఖర్చు తిరిగి రాదు. నెలకు 2,500 నడిపితే రెండున్నరేళ్లు.

పెట్రోలు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నెలకు నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు, ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకునే వీల్లేనివాళ్లకు అదే దారి. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరులో ఉండే శక్తే తక్కువ కాబట్టి మైలేజీ కొంత పడిపోతుంది, దానికి మెకానిక్‌ను తిట్టి లాభం లేదు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన సెకండ్‌హ్యాండ్ బండి కొంటే రబ్బరు పైపులు, సీళ్లు ఈ ఇథనాల్‌ను తట్టుకుంటాయో లేదో చూపించుకోండి. నెలల తరబడి షెడ్డులో ఉంచే బండికి ట్యాంకులో పాత పెట్రోలు వదిలేయొద్దు. ఇథనాల్ తేమను లాగేసుకుంటుంది.

ఇక ఎలక్ట్రిక్. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న నెక్సాన్‌కు సర్టిఫికెట్‌లో 489 కిలోమీటర్లని ఉన్నా, మన ఎండలో ఏసీతో 300 అని లెక్కేసుకోవడం మంచిది. చార్జింగ్‌లో పోయే కరెంటు కూడా కలిపితే కిలోమీటరుకు 0.17 యూనిట్లు పడుతుంది. ఇంటి బిల్లులో పై శ్లాబు 9 రూపాయలనుకున్నా రూపాయిన్నర. నెలకు వెయ్యి కిలోమీటర్ల సిటీ తిరుగుడుకు పెట్రోలు బండి కన్నా 7,400 మిగులు. ధరలో తేడా మూడు లక్షలైతే మూడున్నరేళ్లలో తీరిపోతుంది. నెలకు 400 కిలోమీటర్లే తిరిగేవాళ్లకు ఎనిమిదేళ్లు దాటినా తీరదు. తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు ఈవీలకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. కాబట్టి షోరూం ధరలు పోల్చకండి, ఆన్‌రోడ్ ధరలు పక్కపక్కన రాయించుకోండి.

కారు బుక్ చేసే ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. గీజరు సాకెట్ ఉంది కదా అని అందులో ప్లగ్గు పెడితే, పది గంటలకు పైగా 15 ఆంపియర్లు లాగేసరికి పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ తర్వాత కరుగుతుంది. మీటరు దగ్గర నుంచి కారుకు మాత్రమే విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్చి), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చి) వేయించాలి. 7.2 కిలోవాట్ల చార్జరైతే వైరు కనీసం 6 ఉండాలి, ఎంసీబీ 40 ఉండాలి. అపార్ట్‌మెంట్లో మీటర్ బోర్డు నుంచి సెల్లార్‌లో మీ పార్కింగ్ దాకా నలభై, యాభై మీటర్లు లాగాల్సి వస్తే ఇంకో సైజు పెంచండి, లేకపోతే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. మంజూరు లోడు 3 కిలోవాట్లే ఉన్న ఇంట్లో పెద్ద చార్జరు పెడితే కుదరదు, ముందు డిస్కంకు (కరెంటు సరఫరా చేసే సంస్థకు) దరఖాస్తు చేసి లోడు పెంచుకోవాలి. ఈవీ చార్జింగ్‌కు వేరే కేటగిరీ మీటరు కూడా దొరుకుతుంది. దానివల్ల ఇంటి బిల్లు పై శ్లాబుకు ఎక్కదు. 'బండి చార్జ్ ఎక్కట్లేదు' అన్న ఫిర్యాదుల్లో బండి తప్పు లేనివి చాలా ఉంటాయి. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే చార్జరు తనంతట తానే ఆగిపోతుంది. ఎండిపోయిన ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోస్తే కొన్నాళ్లు నడుస్తుంది, కొత్త ఎర్త్ వేయించుకుంటే నిశ్చింత.

బయటి ఫాస్ట్ చార్జర్ల మీదే బతకాలనుకుంటే ఎలక్ట్రిక్ వద్దు. యూనిట్‌కు ఇరవై రెండు రూపాయల దాకా పడితే హైవే మీద కిలోమీటరుకు నాలుగు రూపాయలకు దగ్గరవుతుంది, అంటే డీజిల్‌తో తేడా రూపాయే. హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు. వంద వేగంతో వెళ్తే ఒక్క చార్జ్‌తో చేరతామని అనుకోవద్దు. సూర్యాపేట దగ్గరో ఎక్కడో ముప్పావు గంట ఆగాలి. 80 శాతం దాటాక చార్జింగ్ నెమ్మదిస్తుంది, నిండేదాకా కూర్చోవడం దండగ. ఆ చార్జరు పాడైతే తర్వాతి దానికి చేరేంత చార్జ్ మిగిలుండగానే ఆగండి.

చివరిగా సెకండ్‌హ్యాండ్ డీజిల్ కొనేవాళ్లకు ఒక మాట. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు తిరగకూడదన్న నిబంధన భయంతో ముందుగానే వదిలించుకున్న బీఎస్‌6 డీజిళ్లు ఇక్కడ చవగ్గా అమ్ముతున్నారు. కొన్ని బళ్లలో డీపీఎఫ్ మూసుకుపోతే లోపలి జల్లెడ పగలగొట్టి ఖాళీ డబ్బా బిగిస్తారు. ఇది చట్టవిరుద్ధం. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ గొట్టం లోపల వేలుపెట్టి తిప్పండి. జల్లెడ బాగున్న బీఎస్‌6 బండికి గొట్టం లోపల దాదాపు శుభ్రంగా ఉంటుంది. వేలికి నల్లగా మసి అంటుకుంటే బేరం ఆపి, స్కానర్ రిపోర్టు అడగండి.

– ఒక ఆటోమొబైల్ ఇంజనీరు, హనుమకొండ