శనివారం ఒంగోలు కొండ మీద ప్రార్థన

అందరికీ వందనాలండి. శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకల్లా ప్రార్థన కొండ కింద కలుద్దాం. చీకటిగా ఉంటుంది, టార్చి మర్చిపోవద్దు.

1854 జనవరి 1న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యువెట్ దొర, దొరసాని, మరో ముగ్గురు విశ్వాసులు ఈ కొండ మీదే తెల్లవారుజామున మోకరించి, ఒంగోలుకు సేవకుణ్ణి పంపమని అడిగారు. వాళ్లు అడిగిన ఆ సేవకుడు, మిషనరీ క్లౌ దొర, ఇక్కడికొచ్చింది 1866లో. పన్నెండేళ్లండి! మనమేమో రెండు వారాలకే డీలా పడిపోతాం (అందరికంటే ముందు నేనే).

యిర్మీయా 33:3 చదువుకుని రండి. నాకు మొరపెట్టు, నీకు తెలియని సంగతులు చెబుతానని దేవుడు అన్నది చెరసాల ప్రాంగణంలో ఉన్న మనిషితో. తలుపు ఇంకా తెరుచుకోలేదు, మాట మాత్రం ముందే వచ్చింది. నేను ప్రతిసారీ అక్కడే ఆగిపోతాను.

మోకాళ్ల నొప్పులున్న అమ్మగార్లు ఎక్కక్కర్లేదు, కిందే చాప వేస్తాం. టీ ఫ్లాస్కు మాది.