శనివారం ఏమవుతుందో

షెఫీల్డ్,
18 మే 2025

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో "మీ షెఫీల్డ్ యునైటెడ్ వాళ్ళు సెమీస్‌లో ఆరు గోల్స్ కొట్టి గెలిచారు కదరా, ఇంకా ఆ ఏడుపు మొహం ఎందుకు?" అన్నావు. డ్యూటీకి లేటవుతోందని జవాబు చెప్పకుండానే పెట్టేశాను. ఇవాళ ఆదివారం, వంట మీ చెల్లెలి వంతు. తీరిగ్గా రాస్తున్నా, నువ్వూ తీరిగ్గా చదువు.

ముందు ఈ ప్లేఆఫ్ గొడవేంటో చెప్పాలి. ఇక్కడి ఫుట్‌బాల్‌లో రెండో డివిజన్‌ని ఛాంపియన్‌షిప్ అంటారు. 24 జట్లు, ఒక్కో జట్టుకి 46 మ్యాచ్‌లు. మొదటి రెండు జట్లు నేరుగా పై డివిజన్‌కి, అంటే ప్రీమియర్ లీగ్‌కి వెళ్ళిపోతాయి. మూడు నుంచి ఆరు దాకా ఉన్న నాలుగు జట్లూ మిగిలిన ఒక్క సీటు కోసం కొట్టుకోవాలి. ఐపీఎల్‌లో పైనున్న వాళ్ళు ఒకసారి ఓడినా ఇంకో ఛాన్సుంటుంది. ఇక్కడ మూడో వాడికి అలాంటి మర్యాదలేవీ లేవు. ఆరో వాడితో వాడి ఊళ్ళో ఒకటి, మన ఊళ్ళో ఒకటి ఆడాలి. గెలిస్తే లండన్ వెంబ్లీ స్టేడియంలో ఫైనల్. మా షెఫీల్డ్ యునైటెడ్‌కి 90 పాయింట్లు, ఫైనల్లో తగిలిన సండర్లాండ్‌కి 76. పద్నాలుగు పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నందుకు శనివారం మాకు దక్కేదేమీ లేదు.

ఇంకో సంగతి. నిజానికి మేం సంపాదించింది 92. పాత సీజన్లో వేరే క్లబ్బులకి కట్టాల్సిన డబ్బులు టైముకి కట్టలేదని రెండు పాయింట్లు కోసేశారు. ఆ రెండూ ఉన్నా ఒరిగేదేమీ లేదనుకో, ఎందుకంటే లీడ్స్, బర్న్లీ రెండూ చెరో 100 పాయింట్లు కొట్టాయి. బర్న్లీ వాళ్ళయితే 46 మ్యాచ్‌ల్లో ఇచ్చుకున్నది మొత్తం 16 గోల్స్. 2019లో మేం 89 పాయింట్లతో రెండో స్థానంలో దర్జాగా పైకి వెళ్ళాం. ఈ ఏడు అంతకన్నా ఎక్కువ తెచ్చుకుని మూడో స్థానం. ఎవర్ని తిట్టుకోవాలో కూడా తెలీడం లేదు.

అంటే, తెలుసు. ఏప్రిల్ మొదట్లో దాదాపు వారం రోజుల్లో వరసగా మూడు మ్యాచ్‌లు ఓడిపోయారు మనవాళ్ళు. ఆక్స్‌ఫర్డ్, మిల్వాల్, ప్లిమత్. ఆ ప్లిమత్ వాళ్ళు తర్వాత కింది డివిజన్‌కి పడిపోయారు, వాళ్ళ చేతిలో ఓడాం! ఈస్టర్ సోమవారం బర్న్లీ వెళ్ళి 2-1తో ఓడేసరికి అటు వాళ్ళకీ ఇటు లీడ్స్‌కీ ప్రమోషన్ ఖాయమైపోయింది. మా ఆస్పత్రిలో స్ట్రెచర్లు తోసే పెద్దాయన ఒకాయన ఉన్నాడని చెప్పాను కదా, అరవై దాటిన మనిషి, పుట్టినప్పట్నుంచీ యునైటెడే. ఆ మంగళవారం ఎవరితోనూ మాట్లాడలేదు. లంచ్‌కి మాంసం పై తెచ్చుకుని, దానిమీద హెండర్సన్స్ రెలిష్ కుమ్మరించి, తినకుండా అలాగే చూస్తూ కూర్చున్నాడు. ఆ రెలిష్ ఈ ఊరి సొంత సాస్. నల్లగా, పల్చగా, పుల్లగా ఉంటుంది. సీసా వెనక చదివితే అందులో చింతపండు ఉంది! నేనూ మీ చెల్లెలూ ఉప్మాలో కూడా వేసుకు తింటున్నాం, మా అమ్మకి మాత్రం చెప్పకు.

పెళ్ళి సంబంధం చివరి నిమిషంలో తప్పిపోయిన ఇంటివాళ్ళని అదే ముహూర్తానికి ఇంకో సంబంధం వెతుక్కోమన్నట్టుంటుంది మూడో స్థానం వాడి బాధ. ఆరో వాడు ప్లేఆఫ్‌కి వచ్చామని సంబరపడతాడు, మూడో వాడు ప్లేఆఫ్‌లో పడ్డామని ఏడుస్తాడు. పోయినేడు లీడ్స్ కూడా సరిగ్గా ఇలాగే 90 పాయింట్లతో మూడో స్థానంలో వచ్చి, ఫైనల్లో సౌతాంప్టన్ చేతిలో ఓడిపోయింది. అప్పుడు మేమంతా తెగ నవ్వుకున్నాం. యార్క్‌షైర్‌లో లీడ్స్ వాళ్ళు ఓడితే పండగే కదా.

అయినా సెమీస్ బాగా ఆడారని ఒప్పుకోవాలి. బ్రిస్టల్ సిటీ మీద అక్కడ 3-0, ఇక్కడ 3-0. కానీ ఆరు గోల్స్ అని మురిసిపోయే ముందు మొదటి మ్యాచ్ గుర్తు పెట్టుకో. హాఫ్ టైమ్‌కి కాస్త ముందు వాళ్ళ డిఫెండర్‌కి రెడ్ కార్డు పడింది, మాకు పెనాల్టీ వచ్చింది, బరోస్ కొట్టాడు. ఆ తర్వాత సగం ఆటా పదిమందితో ఆడింది అవతలి జట్టు. రెండో లెగ్, అంటే ఇక్కడి మ్యాచ్, నేను మా గ్రౌండు బ్రామల్ లేన్‌లోనే చూశాను. మూర్, హేమర్, ఓహేర్ తలా ఒకటి కొట్టారు. మూడో గోల్ పడ్డాక నా ముందు వరసలో ఓ ముసలావిడ లేచి, బ్యాగులోంచి ఫ్లాస్కు తీసి, చుట్టూ ఉన్న వాళ్ళందరికీ ఆ మూతలోనే టీ పోసిచ్చింది. నాకూ ఒక గుక్క వచ్చింది, చక్కెర లేదు.

అన్నట్టు బ్రామల్ లేన్ సంగతి నీకు నచ్చుతుంది. అది 1855లో క్రికెట్ గ్రౌండుగా మొదలైంది. యార్క్‌షైర్ జట్టు 1973 దాకా అక్కడ ఆడింది. 1902లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా టెస్టు కూడా అక్కడే జరిగింది. నువ్వొస్తే తీసుకెళ్తా.

ఇప్పుడు అసలు భయం. 1988 నుంచి ఇప్పటిదాకా తొమ్మిదిసార్లు ప్లేఆఫ్ ఆడారు మావాళ్ళు, తొమ్మిదిసార్లూ ఓడారు. అందులో ఫైనల్స్ నాలుగు, నాలిగింట్లోనూ కలిపి కొట్టిన గోల్స్ సున్నా. 1997లో క్రిస్టల్ ప్యాలెస్ ఆటగాడు డేవిడ్ హాప్కిన్ చివరి నిమిషంలో దూరం నుంచి తిప్పి కొట్టాడు, 1-0తో పోయింది. 2003లో వుల్వ్స్ చేతిలో 3-0, అందులో మనకొచ్చిన పెనాల్టీ కూడా పోయింది. 2009లో బర్న్లీ, 1-0. 2012లో ఇంకా కింది డివిజన్‌లో హడర్స్‌ఫీల్డ్‌తో 0-0 అయ్యి పెనాల్టీలకి వెళ్ళింది. రెండు జట్లలో పదకొండేసి మందీ కొట్టాల్సి వచ్చింది. చివరికి వాళ్ళ గోల్‌కీపర్ కొట్టాడు, మా గోల్‌కీపర్ సిమన్సన్ బంతిని బార్ పైనుంచి పంపాడు. 8-7. పెద్దాయన ఆ రోజు అక్కడే ఉన్నాడట. "గోల్‌కీపర్ బంతి పెట్టుకోవడం చూడగానే నేను కోటు తొడుక్కున్నాను" అంటాడు.

సెమీస్‌లో పోయినవి ఇంకో కథ. 2015లో స్విండన్‌తో రెండో లెగ్ 5-5 అయ్యి, మొత్తం మీద 7-6తో పోయింది. ఇన్ని రకాలుగా ఓడటానికి కూడా ఏదో ప్రతిభ ఉండాలి. వెంబ్లీలో మేం చివరిసారి గెలిచింది 1925లో, ఎఫ్ఏ కప్ ఫైనల్, కార్డిఫ్ మీద 1-0. సరిగ్గా వందేళ్ళు. కొందరు దీన్ని శకునంగా చెప్పుకుంటున్నారు. నాకా పిచ్చి లేదు కానీ, ఎవరైనా చెప్తుంటే అడ్డు చెప్పడం లేదు.

మా ల్యాబులో ఒక కుర్రాడున్నాడు, వాడికి ఈ చరిత్రంటే చిరాకు. "ఆ ఆటగాళ్ళెవరూ ఇప్పుడు లేరు, 1997కీ ఈ టీముకీ సంబంధమేంటి" అని వాదిస్తాడు. వాడి మాటలో న్యాయముంది. హేమర్ ఈ ఏడు ఛాంపియన్‌షిప్‌లోనే బెస్ట్ ప్లేయర్ అవార్డు కొట్టాడు. ఆయన 2023లో కోవెంట్రీ తరఫున ఇదే ఫైనల్లో గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు, ఆ తర్వాత వాళ్ళు పెనాల్టీల్లో పోయారు. కాబట్టి ఆ నొప్పి తెలిసినవాడే. గోల్‌లో కూపర్ రాయిలా ఉన్నాడు. మేనేజర్ క్రిస్ వైల్డర్ ఈ క్లబ్బుకే ఆడినవాడు, చిన్నప్పుడు ఇదే గ్రౌండులో బాల్ బాయ్. 2010లో ఆక్స్‌ఫర్డ్‌ని లీగ్‌లోకి తెచ్చింది కూడా వెంబ్లీలో ప్లేఆఫ్ ఫైనల్ గెలిచే. క్లబ్బుకి ప్లేఆఫ్ కలిసిరాలేదు గానీ ఆయనకి వచ్చింది.

అక్టోబర్‌లో జార్జ్ బాల్డాక్ చనిపోయిన దగ్గర్నుంచీ ఈ సీజన్‌కి ఇంకో బరువు తోడైంది. ఏడేళ్ళు ఇక్కడ ఆడి, పోయినేడే గ్రీస్ వెళ్ళాడు. 31 ఏళ్ళు. గ్రౌండు బయట వరసలు వరసలుగా స్కార్ఫులు, రెండో నంబరు జెర్సీలు పెట్టారు. దాని గురించి ఎక్కువ రాయలేను.

నీకు బాగా తెలిసినవాడు ఒకడున్నాడు మా టీములో, హమ్జా చౌధురి. మార్చిలో షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్ తరఫున మనమీద మొదటి మ్యాచ్ ఆడాడే, ఛెత్రీ రిటైర్మెంట్ వెనక్కి తీసుకుని ఆడిన ఆ 0-0, వాడే. లీస్టర్ నుంచి అప్పు మీద వచ్చాడు. ఆ రోజు మనల్ని ఆపినందుకు నువ్వు తిట్టావు. శనివారం మాత్రం వాడు ఆపితే చప్పట్లు కొట్టాలి, ముందే చెప్తున్నా.

సండర్లాండ్ సంగతి. లీగ్‌లో చివరి అయిదు మ్యాచ్‌లూ ఓడారు, అందుకే ఇక్కడ చాలామంది వాళ్ళని తేలిగ్గా తీసుకుంటున్నారు. నేను తీసుకోను. నాలుగో స్థానం దాదాపు ఖాయమైపోయాక ఆడిన ఆటలవి. సెమీస్‌లో కోవెంట్రీ మీద ఏం చేశారో చూడు. మొదటి లెగ్‌లో 88వ నిమిషంలో మయెండా గోల్‌తో గెలిచారు. రెండో లెగ్‌లో ఎక్స్‌ట్రా టైమ్ కూడా అయిపోయి, పెనాల్టీలకి అందరూ సిద్ధపడుతుంటే 122వ నిమిషంలో బాలర్డ్ తలతో కొట్టాడు. పిల్లల జట్టు అది. రిగ్‌కి పదిహేడేళ్ళు, జూడ్ బెల్లింగమ్ తమ్ముడు జోబ్‌కి పందొమ్మిది. వాట్సన్ అనే ఇంకో కుర్రాణ్ణి వచ్చే సీజన్‌కి బ్రైటన్‌కి అమ్మేశారు. "వాడి మనసిప్పటికే బ్రైటన్‌లో ఉంది, వాడితో మనకేం భయం" అని తీసిపారేశాడు పెద్దాయన. నాకలా అనిపించలేదు. పోయేవాడికి పోగొట్టుకునేదేముంది?

నా లెక్క ఇది. మొదటి గోల్ మేమే కొడతాం. లీగ్‌లో ఇక్కడ వాళ్ళని 1-0తో ఓడించాం, జనవరి 1న అక్కడ 2-1తో ఓడాం. ఆ 1-0లే నాకు టెన్షన్. ఒక గోల్ కొట్టగానే వెనక్కి జరిగి బాక్సు ముందు కాపలా కాయడం మావాళ్ళ అలవాటు. లీగ్‌లో చాలాసార్లు నడిచింది. చివరి నిమిషం దాకా ఊపిరి వదలని జట్టు మీద అది నడవదు. రెండో గోల్ పడితే కప్పు మాది, పడకపోతే చివరి ఇరవై నిమిషాలు నేను చూడలేను. ఇంకోటి, సీజనంతా లేని వీఏఆర్, అదే వీడియో చూసి తీర్పు చెప్పే పద్ధతి, ఫైనల్లో ఉంటుంది. గోల్ పడగానే ఎగరడానికి కూడా లేదు, ముందు తెర వైపు చూడాలి. అయినా ఎవరైనా గట్టిగా అడిగితే నూటికి అరవై పాళ్ళు మేమే అంటాను.

మా వార్డులో ఈ ఊరి ఇంకో జట్టు వెన్స్‌డే అభిమాని ఒక నర్సుంది, ఆవిడది వేరే వాదన. "పైకెళ్ళి ఏం చేస్తారు, మళ్ళీ 104 గోల్స్ తినడానికా?" అంటుంది. నిజమే, పోయిన సీజన్లో ప్రీమియర్ లీగ్‌లో మాకు వచ్చినవి 16 పాయింట్లు, తిన్నవి 104 గోల్స్. రెండేళ్ళుగా పైకెళ్ళిన ముగ్గురూ అదే ఏడు తిరిగి కిందికొచ్చారు. కానీ ఈ ఒక్క మ్యాచ్ విలువ సుమారు 20 కోట్ల పౌండ్లని లెక్కగట్టారు, మన డబ్బుల్లో రెండు వేల కోట్ల పైమాటే. తొంభై నిమిషాలకి! పడిపోయినా ఆ డబ్బుతో కొన్నేళ్ళు బతకొచ్చు. డబ్బు సంగతి అలా ఉంచు, ఆవిడ జట్టు పన్నెండో స్థానంలో ఆగింది, ఆవిడ మాకు నీతులు చెప్పడమేంటి.

ఇదంతా చదివి నీకు మీ హైదరాబాద్ క్లబ్బు శ్రీనిధి డెక్కన్ గుర్తొచ్చే ఉంటుంది. వరసగా రెండేళ్ళు మన రెండో డివిజన్ ఐ-లీగ్‌లో రెండో స్థానం, ఒక్కడికే పైకి దారి. ఒకసారి పంజాబ్ వెళ్ళింది, ఇంకోసారి మహమ్మడన్. మనకీ ప్లేఆఫ్ ఉండుంటే అజీజ్‌నగర్‌లో ఎంత గోల ఉండేదో కదా అన్నావు ఒకసారి. మేం తొమ్మిదిసార్లు అనుభవించాం కాబట్టి చెప్తున్నా, లేకపోవడమే నయమని నేను అనను. ఓడితే కనీసం తిట్టుకోవడానికి ఒక మ్యాచ్ ఉంటుంది.

టికెట్ దొరికింది. పెద్దాయన, ల్యాబు కుర్రాడు, నేను ఒకే బస్సులో వెళ్తున్నాం. మ్యాచ్ మధ్యాహ్నం మూడింటికి, మీకు సాయంత్రం ఏడున్నర. సన్‌రైజర్స్ ఎలాగూ ఇంటికెళ్ళిపోయారు కాబట్టి ఆ పంజాబ్, ఢిల్లీ మ్యాచ్ వదిలేసి ఇది చూడు. ఎరుపూ తెలుపూ చారల వాళ్ళు మేమే అనుకునేవు, సండర్లాండ్‌వీ అవే చారలు, ముందు ఎవరెవరో చూసుకుని కేకలెయ్యి.

మెసేజ్‌లు మాత్రం పెట్టకు. గెలిస్తే నేనే ఫోన్ చేస్తా, నిద్రపోతున్నా లేపుతా. పదకొండింటికి కూడా ఫోన్ రాలేదంటే ఇంక అడక్కుండా పడుకో. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
బాబీ