ముగ్గురాయితో గీసిన హెచ్

కడప,
ఆదివారం, భోజనాలైనాక

ఏమే పద్దూ,

నీ ఉత్తరం వచ్చినాక దసరా పోయింది, దీపావళీ పోయింది. జవాబు రాయలేదని తిట్టుకుంటా ఉంటావు. తిట్టుకో, నాకు పడాల్సిందే. ఫోన్ చేయొచ్చు గదా అంటావేమో. ఈ సంగతి ఫోన్లో చెప్తే సగంలోనే నగి నగి పెట్టేస్తావు, నాకు మొదట్నుంచి కడదాకా చెప్పుకోవాల.

ముందు ఇంటి సంగతులు బిరబిరా చెప్పేస్తా. అత్తకు షుగరు అదుపులోనే ఉంది. పిల్లోడు ఇంటరు, మార్కులు అడగొద్దు. బుగ్గవంక పక్క ఇల్లు ఖాళీ చేసి ఎర్రముక్కపల్లికి వచ్చినాం. మీ చెల్లెలి సీమంతానికి రాలేదని అమ్మ అలిగిందంట, వచ్చి కాళ్లు పట్టుకుంటాలే. నన్ను సిద్దవటం అవతల బడికి మార్చినారు. బస్సు నమ్ముకుంటే ప్రార్థన అయిపోయినాక చేరతా. అందుకే ఈ కారు నేర్చుకునే గోల.

టెస్టు తప్పినా. అది నీకు ఎవరో ఒకరు మోసే ఉంటారు. ముందుకు బాగనే పోయినా, వెనక్కి వచ్చేటప్పుడు ఇంగ్లీషు హెచ్ అక్షరం మాదిరి ఉండే ట్రాకులో వెనక చక్రం కడ్డీకి తగిలింది. దిగమ్మా అన్నారు. మళ్లీ పోవాలంటే 7 రోజులు ఆగాల. మూడుసార్లు తప్పితే 60 రోజులు కూర్చోబెడతారు. నేర్చుకునేటప్పుడు ఇచ్చే ఎల్లెల్లారు లైసెన్సుకేమో 6 నెలలే గడువు, నాది అంచుకొచ్చి ఉంది.

మీ అన్న సంగతి చెప్పల్నా! పాలాయన వచ్చినా చెప్పడమే, గ్యాస్ అబ్బాయి వచ్చినా చెప్పడమే. “మా ఆమె హెచ్ రాయలేక తప్పింది, ఎల్కేజీలో చేర్పిస్తాండా” అని. నాకు ఒళ్లు మండి సంగటి గెలకడం కూడా చేతగాలే ఆ పొద్దు.

ఇప్పుడు మామ. ఆయన తీరు నీకు తెల్సు. పెండ్లయినప్పట్నుంచి నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా నీ పెండ్లి శుభలేఖలో పట్టిస్తాయి. సర్వీసంతా ఆర్టీసీ స్టీరింగు తిప్పి రిటైరైన మనిషి, ఇంటికి వచ్చినాక సైకిలు తప్ప ఏదీ ముట్టుకోలే. ఆ రాత్రి సంగటి ముద్ద చేతిలో పట్టుకుని, తలకాయ ఎత్తకుండా, “మ్మా, పొద్దున అయిదుకు లేయ్” అన్నాడు. నేనూ అత్తా ఒకరి మొగం ఒకరం చూసుకున్నాం.

రింగు రోడ్డు అవతల ప్లాట్లేసినారు చూడు, రాళ్లు నాటి ఉంటాయి గానీ ఒక్క ఇల్లూ లేదు. ఆడికి తీసుకపోయినాడు. పాత పెయింటు డబ్బాల్లో ఇసుక పోసి, కందికట్టెలు గుచ్చి, ఒక్కోదానికి అత్త పాత చీర అంచు చింపి కట్టినాడు. ఎప్పుడు చేసినాడో ఏమో, ఇంట్లో ఎవరికీ తెలీదు. డిక్కీలో ఒక గోతం. చూస్తే ముగ్గురాయి పొడి. మామ తమ్ముడు మంగంపేట ముగ్గురాయి గనుల నుంచి లారీ తోల్తాడు గదా, ఆయన ఎప్పుడో తెచ్చిచ్చిందంట. దేశదేశాల ఆయిల్ బావులకు పోయే పొడి అది. “నీకు ముగ్గులు బాగ వస్తాయి గదా, గియ్యి” అన్నాడు. కారు పొడుగు అడుగులేసి కొలిచి, యాడ తిప్పాల్నో యాడ ఆపాల్నో చెప్తాంటే నేను వంగి ఇంత లావు హెచ్ గీసినా.

పద్దూ, తెల్లగా అంత పెద్ద హెచ్! నువ్వయితే ఏమనుకుంటావు చెప్పు?

పాలక్యాన్లాయన బండి ఆపినాడు. తర్వాత గొర్రెలోళ్లు. తర్వాత బ్యాట్లు ఎత్తుకుని పిల్లోళ్లు. ఒకాయన నా దగ్గరికొచ్చి మెల్లగా, “యావరమ్మా దిగేది? సీఎమ్మేనా?” అన్నాడు. హెలికాప్టరంట! కాదు పెద్దాయనా, నేను డ్రైవింగు నేర్చుకుంటాండా అంటే నమ్మలే. పైకి చెప్పకూడదేమోలే అని ఆయనే నాకు సర్దిచెప్పి, ఒక రాయి చూసుకుని కూర్చున్నాడు. రోజూ వస్తాడిప్పుడు.

మామ నేర్పిచ్చేది వేరే రకం. “స్టీరింగు దిక్కు చూడొద్దు. అద్దంలో కట్టె యాడుందో చూడు. వెనక కిటికీలోకి కట్టె వచ్చేదాకా ఓర్చుకో. వచ్చినాక పూర్తిగా తిప్పు. కాలు తొందర పడకూడదు, క్లచ్చి మీదే బండి పాకాల.” అంతే. కోప్పడడు, అరవడు. తప్పు చేస్తే డ్యాష్‌బోర్డు మీద ఏలి కణుపుతో టక్కుమని కొడ్తాడు. అత్తను వెనక నిలబెట్టి విజిల్ ఇచ్చినాడు, ఒకటి కొడితే ఆగాల, రెండు కొడితే రావాల. అత్త ఏమన్నదో తెల్సునా? “మూడు కొడితే దించేయల్నా?” అని. హాస్టల్లో మన కుక్కర్ కథ గుర్తొచ్చి నేను స్టీరింగు మీదే పడి నగినా. ఆ సాంబారు గోడకు ఇంకా అట్లే ఉంటాదంటావా?

సరే, అసలుది ఇది. నిన్న పొద్దున మీ అన్న ఫ్లాస్కులో కాఫీ తీసుకుని స్కూటరు మీద దిగినాడు. నేను రెండు పక్కలూ బాగనే వచ్చి మూడో మలుపు కాడ ఆగినా. “ఇంతసేపా? జరుగు, నేను చూపిస్తా” అన్నాడు. మామ ఒక్క మాట అనలే. పోయి ప్లాటు రాయి మీద కూర్చున్నాడు.

మొదటి కట్టె పట్‌మనింది. మీ అన్న, “అది సరిగ్గా పెట్టలేదు” అన్నాడు. రెండోది పట్. మూడో డబ్బా కింద పడి బండి కింద ఇరుక్కుని కరకరమని ఈడ్చుకుంటా వచ్చింది, చీర అంచు చక్రానికి చుట్టుకుంది. పిల్లోళ్లు కామెంట్రీ మొదలుపెట్టినారు. అత్త విజిల్ కొడతానే ఉంది, ఒకటో రెండో ఆమెకే తెలీదు. హెలికాప్టరు పెద్దాయన లేచి నిలబడి, “ఈయబ్బి దిగేట్టు లేడే” అన్నాడు.

మామ మెల్లగా నడిచొచ్చి తలుపు తీసినాడు. “నీ లైసెన్సు ఒకసారి ఇయ్‌రా.” తీసి ఇచ్చినాడు. ముందూ వెనకా తిప్పి చూసి, గాలికి ఉఫ్‌మని ఊది, మళ్లా వాని జేబులోనే పెట్టి, “రేపట్నుంచి నువ్వూ అయిదుకు రా” అన్నాడు. మీ అన్న లైసెన్సు తీసుకున్న కాలంలో మైదానంలో నాలుగు బారలు ముందుకు తోలితే ఇచ్చేసినారంట, కాఫీ తాగుతా మెల్లగా ఒప్పుకున్నాడు. ఎల్కేజీ మాట మళ్లీ ఇంట్లో వినపళ్లే! ఇది నువ్వు చూడాల్సింది పద్దూ, కాగితం మీద నాకు సగం కూడా రావడంలే.

ఇంటికి వచ్చేటప్పుడు మామ తనంతట తాను మాట్లాడినాడు. గువ్వలచెరువు ఘాట్లో ఒక వాన రాత్రి ముందర లారీ అడ్డం పడిందంట. వంపులో బస్సు వెనక్కి తేవాల. కండక్టరు టార్చి పట్టుకుని విజిల్ కొడతాంటే వాన చప్పుడుకు వినపళ్లేదంట. “ఆ పొద్దు అద్దం తప్ప ఇంకేం లేదు మ్మా” అన్నాడు. బస్సులో జనం ఏం చేసినారు మామా అంటే, “నిద్రపోతాండిరి” అన్నాడు. అంతే, మళ్లా గమ్మునైపోయినాడు. ఇన్నేండ్లు ఆ మనిషిని నేను ఎట్ల... సరే, అది కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

లైసెన్సొస్తే ఆ ఘాట్లోనే నిన్ను తీసుకపోతా. పాలకోవా తిందాం. నువ్వు ఆ పొద్దు ఒక పొట్లం ఎవరికిచ్చినావో నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పలే, గుర్తుపెట్టుకో.

స్లాటు బుధవారం. వెనక్కి రావడం కుదిరింది గానీ ఎత్తు మీద ఆపి మళ్లా ఎత్తుకోవడమే ఇంకా దడ. చెరువుకట్ట ఎక్కే దారిలో చేయిస్తాండాడు. హ్యాండుబ్రేకు పట్టుకుని క్లచ్చి వదుల్తా పోతే ఒక చోట ఇంజను గొంతు మారతాది, బండి ముక్కు రవ్వంత లేస్తాది, అప్పుడే బ్రేకు వదలాల. ఒక్క రవ్వ ముందయితే ఆగిపోతాది, ఆలస్యమైతే

మామ హారన్ కొడతాండాడు, ఎండ తగ్గిందంట. మీ అన్న అప్పుడే వెనక సీట్లో కూర్చున్నాడు, చూడు ఆ బుద్ధి! నీ కొత్త పిన్‌కోడు ఆయన ఫోన్లోనే ఉంది, అడిగితే ముందు ఈ ఉత్తరం చదవాలంటాడు, అదొక తిప్పలు. రెండో హారన్. ఉంటా.

నీ
సుజి