మెమరీ అడ్రసు మారితే మా టెస్టు ఫెయిల్

ఎడిటర్ గారికి నమస్కారం.

ఓటీపీ చెప్పొద్దు, లింకులు నొక్కొద్దు అని మీ పేపర్లో తరచూ రాస్తుంటారు, మంచిదే. ప్రోగ్రాంలు రాసేవాళ్ల కోసం కూడా ఒక ముక్క వేస్తారేమోనని ఈ ఉత్తరం.

ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ దాని స్టాక్, హీప్ (అది పనిలో వాడుకునే మెమరీ భాగాలు), లైబ్రరీలు మెమరీలో కొత్త అడ్రసుల్లోకి వెళ్తాయి. ఏది ఎక్కడుందో హ్యాకర్‌కి ముందే తెలియకూడదని ఈ ఏర్పాటు, పేరు ఏఎస్ఎల్ఆర్. 2001లో లినక్స్‌కి పాక్స్ అనే ప్యాచ్‌తో మొదలై 2005లో అసలు లినక్స్ కెర్నల్లోకి (ఆ ఆపరేటింగ్ సిస్టం మూలభాగంలోకి) వచ్చింది.

మా ఆఫీసులో ఒక పైథాన్ టెస్టు పొద్దున పాసయ్యేది, మధ్యాహ్నం ఫెయిలయ్యేది. స్ట్రింగుల (అక్షరాల వరుసల) హ్యాష్, అంటే పైథాన్ వాటికి లెక్కగట్టే నంబరు, ప్రతి రన్‌కీ మారుతుందని తెలుసు కాబట్టి ఆ మార్పుకి మూలమైన హ్యాష్ సీడ్‌ని 0 చేసి చూశాం, అయినా అంతే. రెండ్రోజులు తల బద్దలు కొట్టుకున్నాక తేలిందేమిటంటే, మేం సెట్‌లో (వరుసకి హామీ లేని పైథాన్ గుంపులో) వేసినవి స్ట్రింగులు కావు, మా సొంత క్లాసు ఆబ్జెక్టులు, వాటికి మనం హ్యాష్ రాయకపోతే పైథాన్ వాటి మెమరీ అడ్రసు నుంచే హ్యాష్ తీస్తుంది. అడ్రసు మారిందా, సెట్‌లో వరుస కూడా మారుతుంది, టెస్టు ఫెయిల్. పోనీ డీబగ్గర్లో (తప్పులు వెతికే ప్రోగ్రాంలో) పట్టుకుందామంటే, జీడీబీ అనే ఆ డీబగ్గర్ లినక్స్‌లో మామూలుగా ఏఎస్ఎల్ఆర్ ఆపేసి నడుపుతుంది, అక్కడ బగ్ కనిపించి చావదు!

ఒక సీనియర్ వచ్చి కెర్నల్‌లోని ఏఎస్ఎల్ఆర్ సెట్టింగులో 0 రాసెయ్, పోతుంది అన్నారు. పోయింది కూడా. కానీ ఆ 0 మెషీన్ మొత్తానికి వర్తిస్తుంది, బ్రౌజర్‌తో సహా. మా టెస్టు తప్పుకి బ్రౌజర్ ఎందుకు బలి కావాలి?

ఇది మా ఒక్కళ్ల పాపం కాదు లెండి. ఈమ్యాక్స్ ఎడిటర్‌ని బిల్డ్ చేసేటప్పుడు అందులోని లిస్ప్ భాష కోడంతా లోడ్ చేసి, ఆ మెమరీని ఉన్నదున్నట్టు ఫైల్లోకి దించేవాళ్లు. అడ్రసులు కదిలితే అది కుదరదు, అందుకని ఆ కాసేపు ఏఎస్ఎల్ఆర్ ఆపేవాళ్లు. అడ్రసు ఎక్కడున్నా సర్దుకుపోయే కొత్త డంపర్ 2020లో, 27వ వెర్షన్‌కి గానీ రాలేదు.

మేం చివరికి సెట్‌ని రికార్డు నంబరుతో సార్ట్ చేశాం, ఒక్క లైను పని. తప్పదనుకుంటే సెట్ఆర్చ్ కమాండ్‌కి మైనస్ పెద్ద ఆర్ ఇచ్చి ఆ ఒక్క ప్రోగ్రాంకే ఆపుకోవచ్చు. సీనియర్‌కి ఇదంతా చెప్పాను, ఆయన మెషీన్లో మాత్రం ఇంకా ఆ 0 అలాగే ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు, హైదరాబాద్