కంప్యూటర్ ల్యాబ్ తాళం గురించి విద్యాశాఖ మంత్రి గారికి ఒక లెక్చరర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఏజెన్సీలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. ఈ మధ్య ఏ మీటింగుకు వెళ్లినా ఒకటే మాట. లెక్చరర్ లేని సబ్జెక్టు ఏదైనా ఉందంటే, "ఆన్‌లైన్ కోర్సు ఉంది కదా, పిల్లల చేత రిజిస్టర్ చేయించెయ్యండి" అంటున్నారు. అనేవాళ్లను తప్పుపట్టను. పోస్టు నింపడం వాళ్ల చేతిలో లేదు, పోర్టల్ మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది. అందుకే ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

ఆన్‌లైన్ చదువంటే నాకు పడదని అనుకోకండి. నా దగ్గర చదివిన కుర్రాడొకడు స్పెక్ట్రోస్కోపీ మొత్తం ఎన్‌పీటెల్ వీడియోల్లో నేర్చుకున్నాడు. మీరు చెప్పినదానికంటే అక్కడే బాగా అర్థమైంది మాస్టారూ అని మొహమాటపడుతూ చెప్పాడు. నిజమే అయ్యుంటుంది. అక్కడ చెప్పే ఐఐటీ ప్రొఫెసర్ ఏళ్ల తరబడి అదే సబ్జెక్టు మీద ఉన్న మనిషి. మా వాడు అర్థం కానిచోట ఆపుకుంటాడు, వెనక్కి తిప్పుకుంటాడు, మళ్లీ వింటాడు. నన్ను అలా వెనక్కి తిప్పడం ఎవరి తరమూ కాదు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన పాఠాలివి. 2017లో కేంద్ర ప్రభుత్వం స్వయం పోర్టల్ తెచ్చాక వీటితో పాటు ఇంకా ఎన్నో కోర్సులు ఒక్కచోట దొరుకుతున్నాయి. మద్రాసు ఐఐటీలో సీటొస్తే తప్ప వినలేని పాఠం కాఫీ తోట గట్టు మీద కూర్చుని వింటున్నాడంటే అది చిన్న సంగతి కాదు.

ఇంకో అమ్మాయి. రెండో ఏడు చదువుతుండగా పెళ్లయింది, మూడో ఏడు కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. పాఠాలు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపేవాళ్లం. బిడ్డ నిద్రపోయాక విని, పరీక్ష రాసి పాసయింది. రోజూ క్లాసుకు రావాలంటే ఆ డిగ్రీ అక్కడితో ఆగిపోయేది. క్లాసులో మూడేళ్లూ నోరు విప్పని పిల్లలు రాత్రి పదింటికి "ఒక డౌటు మాస్టారూ" అని మెసేజ్ పెట్టడం కూడా కరోనా తర్వాతే చూశాను. పదిమంది ముందు ఇంగ్లీషులో తప్పు మాట్లాడతామన్న భయం ఆ మెసేజీలో ఉండదు.

ఇక రెండో వైపు. 2020 మార్చిలో కాలేజీలు మూతపడ్డాయి. మరుసటి విద్యా సంవత్సరం చాలా భాగం ఫోన్లోనే గడిచింది. ప్రాక్టికల్స్ ఎలా అని తల పట్టుకుని, చివరికి నేనే రిటార్ట్ స్టాండుకు ఫోన్ బిగించి టైట్రేషన్ వీడియో తీశాను. ఆక్సాలిక్ ఆమ్లంలో ఫినాఫ్తలీన్ అనే సూచిక వేసి, బ్యూరెట్ అనే కొలత గొట్టం నుంచి సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా వదలాలి. రంగులేని ద్రావణం ఒక్క చుక్కతో లేత గులాబీ రంగుకు తిరగాలి. అక్కడ ఆపాలి. ప్రయోగమంతా ఆ చుక్క దగ్గరే ఉంది. తీరా చూస్తే నా ఫోన్ కెమెరాలో ఆ లేత గులాబీ పడనే లేదు! అయినా పిల్లలు రికార్డులు చక్కగా రాసి పంపారు. అందరి రీడింగూ ఒకటే, 20.2. నా వీడియోలో నేను చెప్పిన అంకె అది.

కాలేజీ తెరిచాక అదే బ్యాచ్‌కు బ్యూరెట్ చేతికిచ్చాను. రికార్డు అందరికంటే బాగా రాసిన అమ్మాయి బ్యూరెట్ కుళాయి ఎంత తిప్పాలో తెలియక ఒక్కసారిగా వదిలేసింది. ఫ్లాస్కంతా ముదురు గులాబీ. ఆ అమ్మాయి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తప్పు తనది కాదు. ప్రాక్టికల్స్ మార్కులు వేసింది నేనే.

కంప్యూటర్ తెర మీదే ప్రయోగం చేయించే కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, మంచివే. అందులో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పాత్ర కూడా ఉంది. ప్రయోగానికి ముందురోజు పిల్లలకు చూపిస్తే మర్నాడు ల్యాబులో సగం తడబాటు తగ్గుతుంది. అదే ప్రయోగానికి బదులుగా చూపిస్తే, ఈత నేర్పుతామని చెప్పి గట్టు మీద కూర్చోబెట్టినట్టే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్వయం కోర్సుల క్రెడిట్లను డిగ్రీలో కలుపుకోవచ్చని యూజీసీ 2016లో నిబంధనలు తెచ్చింది. ఒక సెమిస్టరులో ఉండే కోర్సుల్లో 20 శాతం వరకు అలా చేయొచ్చన్నారు. 2021లో దాన్ని 40 శాతానికి పెంచారు. ఎలాంటి పరిస్థితిలో స్వయం కోర్సు పెట్టుకోవచ్చో 2016 నిబంధనల్లోనే రాశారు. ఆ సబ్జెక్టు చెప్పడానికి తగిన అధ్యాపకులు లేకపోవడం అందులో ఒకటి. మీటింగుల్లో మాకు వినిపించేది ఈ ముక్కే.

అదే నిబంధనల్లో మరో రెండు మాటలున్నాయి. అలా కోర్సు పెట్టిన కాలేజీ, పిల్లలను మొదటి నుంచి చివరిదాకా నడిపించడానికి ఒక సమన్వయకర్తను పెట్టాలి. కోర్సుకు కావలసిన ల్యాబు, కంప్యూటర్లు, లైబ్రరీ ఉచితంగా, సరిపడినంతగా ఇవ్వాలి. ఈ రెండూ ఇన్నేళ్లలో ఏ మీటింగులోనూ ఎవరూ చదివి వినిపించగా నేను వినలేదు. లెక్చరర్ లేకపోయినా నడిచిపోతుంది అన్నది మాత్రం అందరికీ నోటికి వచ్చేసింది.

నడవడం లేదండీ. పేరు నమోదు చేసి వదిలేస్తే ఏమవుతుందో నేను దగ్గరుండి చూస్తున్నాను. వారం వారం అసైన్‌మెంట్ ఉంటుంది, దానికో గడువు ఉంటుంది. వానాకాలంలో మా దగ్గర కరెంటు పోతే కాసేపటికి టవర్ కూడా పోతుంది. సిగ్నల్ కోసం కొండెక్కిన వాడు కిందికి దిగేసరికి గడువు దాటిపోతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఇంట్లో వాళ్లు కూడా వాడుకున్నాక ఎంత మిగులుతుంది? 2017-18 జాతీయ నమూనా సర్వేలో పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు నూటికి నాలుగో అయిదో తేలాయి. ఆ తర్వాత చేతికొచ్చింది ఫోనే. ఆ ఫోన్ తెరలో ఆర్గానిక్ కెమిస్ట్రీ మెకానిజం చూస్తుంటే, బాణం గుర్తు ఏ బంధం మీద నుంచి ఏ పరమాణువు మీదికి పోతోందో నాకే కళ్లద్దాలు సర్దుకుంటే గానీ కనబడదు. పైగా పాఠం ఇంగ్లీషులో. ఇంటరు దాకా తెలుగులో చదివిన పిల్లలకు సబ్జెక్టు ఒక కొండ, భాష దాని మీద ఇంకో కొండ.

అప్పుడు పిల్లలు ఏం చేస్తారో మీకు తెలియంది కాదు. అసైన్‌మెంట్ జవాబులు టెలిగ్రామ్ గ్రూపుల్లో దొరుకుతాయి. ఎన్‌పీటెల్ కోర్సులైతే వంద మార్కుల్లో అసైన్‌మెంట్ల వాటా పాతిక. ఆ పాతికా చక్కగా వచ్చేస్తాయి. మిగిలిన 75కు పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాలి, అక్కడ బోర్లా పడతారు. చదవడం ఉచితమే గానీ పరీక్షకు ఫీజు కట్టాలి. మా పిల్లలకు ఫీజు కంటే దారి ఖర్చు ఎక్కువ. ఘాట్ దిగి విశాఖ వెళ్లాలి, పొద్దుటి పరీక్ష అయితే ముందు రోజే వెళ్లి చుట్టాలింట్లో ఉండాలి. చుట్టాలు లేనివాడు బస్టాండులో పడుకున్నాడు.

ఇలాంటి చదువు మనకు కొత్త కాదు. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది, అంబేద్కర్ పేరు తర్వాత పెట్టారు. పాఠ్యపుస్తకాలు ఇచ్చేవారు, రేడియోలో పాఠాలు వచ్చేవి. అవి చాలని ఊరుకోకుండా స్టడీ సెంటర్లు పెట్టి ఆదివారాలు క్లాసులు నడిపారు. మా మేనమామ ఆర్టీసీ కండక్టర్. ఆదివారం డ్యూటీలు మార్చుకుని మరీ ఆ క్లాసులకు వెళ్లి బీఏ పూర్తి చేశాడు. పుస్తకాలు ఇంట్లోనే ఉన్నాయి కదా, మళ్లీ అంత దూరం ఎందుకని మా అత్త సణిగేది. "అక్కడ ఎకనామిక్స్ మాస్టారు ప్రశ్నలడుగుతాడే, ఆయనకు భయపడే చదువుతున్నా" అనేవాడు. దూరవిద్య పెట్టినవాళ్లకే మనిషి అవసరం తెలిసింది. పక్కపక్కనే కూర్చోగల పిల్లల్ని పట్టుకుని మనం దూరవిద్యలోకి తోస్తున్నాం.

కాబట్టి నేను అడిగేది ఆన్‌లైన్ కోర్సులు ఆపమని కాదు. వాటిని ఇంటికి పంపకుండా కాలేజీలోకి తీసుకురమ్మని. టైంటేబుల్లో వాటికి గంట వేయండి. ఆ గంటలో పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని పాఠం వింటారు, పక్కన ఒక లెక్చరర్ ఉండి తెలుగులో విడమరిచి చెబుతాడు, అసైన్‌మెంట్ అక్కడే చేయిస్తాడు. ఆ పనిని లెక్చరర్ పనిగంటల్లో లెక్కపెట్టండి. లెక్కలోకి రాని పని ఉత్సాహం ఉన్నన్నాళ్లే సాగుతుంది. ఏజెన్సీ పిల్లలకు దగ్గర్లో పరీక్ష కేంద్రం కోసం కేంద్ర ప్రభుత్వాన్ని అడగండి. అది వచ్చేదాకా ఒక బస్సు, ఒక రాత్రి బస ఏర్పాటు చేయించండి. ప్రాక్టికల్ ఉన్న సబ్జెక్టుల్లో ప్రాక్టికల్‌ను ఆన్‌లైన్ లెక్కలో వేసుకోకండి.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఆన్‌లైన్ కోర్సుతో నెట్టుకొస్తున్న సబ్జెక్టు పోస్టును ఖాళీల జాబితాలోంచి తీసేయకుండా చూడండి. ఒక సెమిస్టరు సర్దుబాటు చేస్తే తర్వాతి ఏడాది అవసరం లేనట్టే లెక్క రాసేస్తారేమోనని మాకు టెన్షన్. అంతమంది పిల్లలు పాసవుతున్నారు కదా, పోస్టెందుకు అని పైనుంచి అడిగితే మా ప్రిన్సిపాల్ దగ్గర జవాబుండదు.

ఇవన్నీ తేలడానికి సమయం పడుతుందని తెలుసు. ఈలోపు ఒక చిన్న పని. మా కంప్యూటర్ ల్యాబులో ఇరవై రెండు కంప్యూటర్లుంటే పద్నాలుగు పనిచేస్తున్నాయి. నాలుగున్నరకు తాళం పడుతుంది. అటెండర్ రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. సాయంత్రం సామాను పోతే ఎవరు పూచీ అన్నది ప్రిన్సిపాల్ భయం, ఆయన భయమూ న్యాయమే. ఈ సెమిస్టరులో స్వయం కోర్సుకు పేరిచ్చిన మా పిల్లలు ఇరవై ఎనిమిది మంది. పద్నాలుగేసి మంది చొప్పున రెండు జట్లు చేస్తే సరిపోతుంది. సాయంత్రం ల్యాబ్ తెరవొచ్చని, పూచీ ఫలానా లెక్చరర్‌దని ఒక ఉత్తర్వు ఇప్పించండి. ఆ పేరు దగ్గర నాది రాసుకోండి. హాస్టల్ గేటు ఏడున్నరకు మూస్తారు గనక ఏడింటికల్లా తాళం వేసి, తాళంచెవి వాచ్‌మన్‌కు ఇచ్చేసి వెళ్తాను.

ఇట్లు,
ఏజెన్సీలో ఒక కెమిస్ట్రీ లెక్చరర్