చేతులు వణికితే దొంగేనా?

సంపాదకులకు నమస్కారం.

నమ్మకాలు, నీతి గురించి మీ పత్రికలో పాఠకులు రాస్తున్న ఉత్తరాలు వరసగా చదువుతున్నాను. నమ్మకం మనసుకి సంబంధించింది, అక్కడ లెక్కలకేం పని అని ఒకరు రాశారు. సైన్సు బాగా చదువుకుంటే మంచేదో చెడేదో అదే తేల్చేస్తుందని ఇంకొకరు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. నేను పాతికేళ్లు లెక్కల టీచర్‌గా పనిచేశాను. సంభావ్యత పాఠం ఎన్నిసార్లు చెప్పానో గుర్తులేదు. అయినా దానికీ నీతికీ ఉన్న సంబంధం నాకు మా ఇంట్లోనే తెలిసొచ్చింది, అదీ చాలా ఆలస్యంగా.

మా అమ్మ ఉంగరం పోయింది. బయటి నుంచి ఇంట్లోకి వచ్చే మనిషి పనిచేసే ఆవిడ ఒక్కతే. అడిగితే తడబడింది. చేతులు వణికాయి. మా మొహాలకేసి చూడలేకపోయింది. మర్నాడు పనికి రాలేదు. ఇంకేం కావాలి అనుకున్నాం. పోలీసుల దాకా వెళ్లలేదు గానీ, ఇక రావద్దని కబురు పెట్టాం. ఎందుకు మానిపించారని అడిగిన వాళ్లందరికీ కారణం చెప్పాం. ఏడాదిన్నర తర్వాత పాత హ్యాండ్‌బ్యాగ్ పారేద్దామని అమ్మ దులుపుతుంటే, లైనింగ్ చిరుగులోంచి ఉంగరం జారి నేల మీద పడింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దొంగతనం చేసిన మనిషి అడిగితే తడబడుతుంది, నిజమే. చెయ్యని మనిషో? జీతం ఇచ్చేవాళ్లు నలుగురు చుట్టూ నిలబడి ఉంగరం ఏదని నిలదీస్తే, ఏ పాపం తెలియని మనిషికైనా చేతులు వణుకుతాయి. అంత అవమానం జరిగాక మర్నాడు ఎవరు మాత్రం వస్తారు? అంటే మేం రుజువులనుకున్నవి ఆవిడ తీసినా కనిపించేవే, తియ్యకపోయినా కనిపించేవే. అలాంటి ఆనవాలు త్రాసుని ఏ వైపుకీ పెద్దగా దించదు. ఇంకో లెక్క కూడా మాకు తట్టలేదు. అంతకుముందు మా ఇంట్లో పోయిన కళ్లజోడు, తాళాలు, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ చివరికి ఇంట్లోనే దొరికాయి. ఉంగరం విషయంలో మాత్రం దొంగ పేరుతో మొదలుపెట్టి వెతికాం.

మనం అనుమానించింది జరిగితే ఈ ఆనవాళ్లు ఎంతగా కనిపిస్తాయి, జరక్కపోయినా ఇలాగే కనిపించేవా? ఆనవాళ్లు చూడకముందు దానికి ఎంత అవకాశం ఉంది? బేయస్ సూత్రం అంటే ఈ రెండు ప్రశ్నలకి జవాబులు కలిపి లెక్క కట్టడమే. థామస్ బేయస్ ఇంగ్లండులో మతబోధకుడు. 1761లో ఆయన చనిపోయాక కాగితాల్లో దొరికిన వ్యాసాన్ని రిచర్డ్ ప్రైస్ అనే మిత్రుడు 1763లో వెలుగులోకి తెచ్చాడు. ప్రైస్ కూడా మతబోధకుడే. మహిమల గురించిన సాక్ష్యాలని నమ్మలేమని వాదించిన తత్వవేత్త డేవిడ్ హ్యూమ్‌కి ప్రైస్ ఈ లెక్కతోనే జవాబు చెప్పబోయాడు. లెక్కలు నమ్మకాన్ని చంపేస్తాయని భయపడే పాఠకుడికి ఈ సంగతి తెలియాలని నా కోరిక.

నమ్మకం ఉన్నవాళ్లు లెక్కలో ఎక్కడ జారతారో కూడా చెప్పాలి. జాన్ ఆర్బత్నట్ అనే వైద్యుడు 1710లో లండన్ బాప్టిజం రికార్డులు 82 ఏళ్లవి పరిశీలించాడు. ప్రతి ఏడాదీ మగపిల్లలే ఎక్కువ. నాణెం ఎగరేస్తే 82 సార్లు వరసగా బొమ్మే పడినట్టు! ఇది దైవసంకల్పమే అన్నాడాయన. ఆడా మగా సరిసమానంగా పుడతారనుకుంటే అలా జరగడం దాదాపు అసంభవం, అంతవరకు ఆయన లెక్క సరైందే. కానీ ప్రతి 35 మంది శిశువుల్లో 18 మంది మగపిల్లలు పుట్టే అవకాశం ఉందనుకుంటే ఆ రికార్డులు మామూలుగానే సరిపోతాయని గణితవేత్త నికొలస్ బెర్నౌలీ తర్వాత చూపించాడు. ఒక కారణం కాదని తేలితే, మన మనసులో ఉన్న కారణమే అని తేలినట్టు కాదు. దేవుడున్నాడా లేడా అన్నది ఆ రికార్డులు మోయలేని బరువు.

పొరపాటు పుస్తకంలో ఉండిపోతే ఫరవాలేదు. కోర్టులోకి వస్తే? 1999లో ఇంగ్లండులో ఇద్దరు పసిబిడ్డల్ని పోగొట్టుకున్న ఒక తల్లికి, వాళ్లని చంపిందని యావజ్జీవ శిక్ష వేశారు. అలాంటి కుటుంబంలో ఒక బిడ్డ ఉన్నట్టుండి సహజంగా చనిపోయే అవకాశం 8,543లో ఒకటి కాబట్టి, ఇద్దరూ అలా పోయే అవకాశం 7 కోట్ల 30 లక్షల్లో ఒకటని ఒక వైద్య నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. ఒక అంకెని దానితోనే గుణించేశాడు. ఇద్దరూ ఒకే తల్లిదండ్రుల బిడ్డలు, ఒకే ఇంట్లో పెరిగారు. మొదటి మరణానికి కారణమైనదే రెండో మరణానికీ కారణం కావచ్చు, అప్పుడు ఆ గుణకారం చెల్లదు. అంతకంటే ఘోరం, ఆ అంకె వింటే ఆవిడ నిర్దోషి అయ్యే అవకాశమే అంత తక్కువ అనిపిస్తుంది. కన్నతల్లి ఇద్దరు బిడ్డల్ని చంపుకోవడం కూడా అత్యంత అరుదే కదా! రెండు అరుదైన సంగతుల్లో ఏది మరీ అరుదు అన్నది అసలు ప్రశ్న. 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఈ లెక్కని బహిరంగంగా తప్పుపట్టింది. విచారణలో బయటపెట్టని వైద్య పరీక్షల ఫలితాలు తర్వాత బయటికొచ్చి, 2003లో శిక్ష రద్దయింది. అప్పటికి ఆవిడ మూడేళ్లకు పైగా జైల్లో ఉంది. విడుదలైన నాలుగేళ్లకే చనిపోయింది.

ఇక సైన్సే అన్నీ తేలుస్తుందన్న పాఠకుడికి నా జవాబు చిన్నది. ఉన్నది ఎలా ఉందో ఎంత చెప్పినా, ఎలా ఉండాలో అందులోంచి దానంతటది ఊడిపడదని హ్యూమ్ ఎప్పుడో చెప్పాడు. ఒక్క నిర్దోషి బాధపడటం కంటే పదిమంది దోషులు తప్పించుకోవడం మేలన్నాడు ఇంగ్లండు న్యాయకోవిదుడు బ్లాక్‌స్టన్. అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ వంద అన్నాడు. పదా, వందా? ఏ ప్రయోగశాలా ఈ అంకె ఇవ్వదు. అది మనం నిర్ణయించుకోవాలి, దాని బరువు మనమే మొయ్యాలి.

మా అమ్మ రోజూ ప్రార్థన చేసుకుంటుంది. దానికి రుజువు చూపించమని నేనెప్పుడూ అడగలేదు, అడగను. ఆ నమ్మకం ఎవరి పొట్టా కొట్టలేదు. కానీ మన నమ్మకం వల్ల ఇంకో మనిషి ఉద్యోగం, పరువు, ప్రాణం పోయేలా ఉంటే మాత్రం లెక్క చూసుకోకపోవడం అజ్ఞానం ఒక్కటే కాదు, తప్పు. ఈ మాట నేను మెత్తగా చెప్పలేను.

అందుకే రెండు విన్నపాలు. సంభావ్యత పాఠాల్లో సంచిలోంచి రంగు బంతులు తీయడం, పాచికలు వెయ్యడంతో ఆపేస్తాం, నేనూ అంతే చేశాను. తెలిసిన వివరాన్ని బట్టి అంచనా ఎలా మారుతుందో పదో తరగతిలోపే పిల్లలకి చెప్పాలి. అనుమానం, ఆరోపణ, వైద్య పరీక్షలాంటి ఉదాహరణలతో చెప్పాలి. రెండోది మీకు. ఎవరి జోస్యమైనా ఫలించిందని వార్త వేస్తే, ఆ మనిషి చెప్పినవాటిలో ఎన్ని తప్పాయో కూడా వెయ్యండి. నిందితుడు ‘అనుమానాస్పదంగా ప్రవర్తించాడు’ అని రాసేముందు, ఏ నేరమూ చెయ్యని మనిషి ఆ స్థితిలో ఎలా ప్రవర్తిస్తాడో మీ విలేకరులని ఒక్కసారి ఆలోచించమనండి.

ఉంగరం దొరికిన వారంలోనే ఆవిణ్ని వెతుక్కుంటూ వెళ్లాం. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిందన్నారు, ఎక్కడికో ఎవరికీ తెలియదు. అంతకుముందు మేం కారణం చెప్పిన వాళ్లందరి దగ్గరికీ అమ్మా నేనూ మళ్లీ వెళ్లి, తప్పు మాదేనని చెప్పాం. ఒకావిడ అంతా విని, ‘ఉంగరం దొరికితే దొరికింది గానీ, ఆ రోజు తన చేతులు వణికాయన్నారు కదా’ అంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు